సొంత ఊరి పీర్ల పండుగను మానవశాస్త్ర పద్ధతిలో అధ్యయనం చేయడం ఎలా?

సంస్కృతి అనగానే ఆటపాటలు, గుడిగోపురాలు మనసుకు తడతాయి గానీ మానవశాస్త్రంలో ఆ మాటకు అర్థం విశాలమైనది. మనిషి సమాజంలో ఒకడిగా ఉండి నేర్చుకున్న జ్ఞానం, విశ్వాసం, కళ, నీతి, చట్టం, ఆచారం, అలవాటు అన్నీ సంస్కృతేనని ఇంగ్లండు మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1871లో నిర్వచించాడు. ఆ లెక్కన ఎవరిని ఏ వరుస పెట్టి పిలవాలన్నది కూడా సంస్కృతే.

మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1915-18 మధ్య పసిఫిక్ ప్రాంతంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో అక్కడి భాష నేర్చుకొని, అక్కడివారి నడుమ చాలాకాలం గడిపాడు. నల్లమల చెంచుల మధ్య ఉండి మరో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చేసిన అధ్యయనం 1943లో గ్రంథంగా వచ్చింది. వారిద్దరూ బయటివారు కనుక చూసిందల్లా కొత్తగానే తోచింది. నల్లగొండలోనో పాలమూరులోనో తన ఊరినే అధ్యయనం చేయదలచిన విద్యార్థి చిక్కు వేరు: అన్నీ తెలిసినవే అనిపించడం వల్ల ఏదీ కంటికి ఆనదు.

అందుకే ఊరంతటినీ ఒకేసారి తలకెత్తుకోకుండా మొహర్రం నెలలో పీర్లను (ఎత్తుకొని ఊరేగించే పవిత్ర చిహ్నాలను) నిలిపి జరిపే పీర్ల పండుగ వంటి ఒక్క సందర్భాన్ని ఎంచుకోవడం మేలు. పదో రోజు ఊరేగింపు నాడు కాకుండా, అలావ గుంత (పీర్ల ముందు నిప్పు వేసే గుంత) తవ్వే నాడే పరిశీలన మొదలుపెట్టాలి. మొదటి గడ్డపార ఎవరు వేశారు, కట్టెలు ఎవరు తెచ్చారు, దట్టీలు (పీర్లకు కట్టే గుడ్డలు), ఊదు, మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే తీపి నైవేద్యం) ఏయే ఇళ్ల నుంచి వచ్చాయి అన్నది వరుసక్రమంలో రాసుకోవాలి. ‘ఇది ఎందుకు చేస్తారు?’ అని ముందే అడిగితే ‘పెద్దలు చేసిండ్రు, మేం చేస్తున్నం’ అన్న జవాబు వస్తుంది. అది నిజమే గానీ అక్కడితో మాట ఆగిపోతుంది. ‘పోయినేడు ఈ పీరు ఎవరెత్తుకున్నరు? వాళ్లకంటె ముందు ఎవరు?’ అని అడిగితే మొక్కులు, వారసత్వాలు, పాత తగాదాలు కూడా బయటికి వస్తాయి. హిందూ కుటుంబాలు కూడా పీర్లకు మొక్కే ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి, ఏది ఏ మతానిదన్న గీత మనమే ముందుగా గీసి కూర్చోకూడదు.

పాల్గొన్నవారి వంశవృక్షాలు గీసేటప్పుడు రక్తసంబంధాన్నీ పిలుపునూ వేర్వేరుగా రాయాలి. మేనమామ, మేనత్త భర్త, పిల్లనిచ్చిన మామ ముగ్గురూ తెలుగులో ‘మామ’లే, మేనరికం ఉన్న సమాజంలో అలా కలవడం సహజం. పైగా ఏ చుట్టరికమూ లేని వేరే మతస్థుడిని ‘చిన్నాయిన’ అని పిలవడం పల్లెల్లో మామూలే.

ఫోన్‌లో వీడియో తీయడం నా దృష్టిలో రెండో పని. కెమెరా ఎత్తగానే మనుషుల నడక మారిపోతుంది. చూసింది, విన్నది, తనకు తోచింది మూడింటినీ ఆ రాత్రే విడివిడిగా రాయాలి. ‘ఊరంతా అలావ చుట్టూ ఆడుతది’ అన్న మాటను అలాగే రాసి, నిజంగా ఎవరెవరు ఆడారో, ఎవరు అరుగు మీద నుంచే చూశారో పక్కన చేర్చాలి.

ఒక్క ఏడాది చూస్తే సరిపోదు. చంద్రుణ్ణి బట్టి లెక్కించే ఇస్లామీయ హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులే కావడంతో పండుగ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగానే వస్తుంది: 2017లో అక్టోబరు 1న వచ్చిన పదో రోజు 2025లో జూలై 6న వచ్చింది. విత్తనాల వేళ వచ్చిన పండుగకూ కోతల వేళ వచ్చిన పండుగకూ వలస నుంచి తిరిగి వచ్చేవారు వేరుగా ఉండవచ్చు. ఆ పేర్లను ఏటా పోల్చి చూడాలి.

నమ్మి చెప్పిన మొక్కుల సంగతిని అనుమతి లేకుండా రాయరాదు. రాసినా పేర్లు మార్చాలి. చివరగా రాసినదాన్ని ముజావరుకూ (పీర్ల బాగోగులు చూసే పూజారికీ) ఊరి పెద్దలకూ చదివి వినిపించి, వారు చెప్పిన దిద్దుబాట్లను పాత మాట చెరిపివేయకుండా దాని పక్కనే తేదీతో రాయాలి.