జూన్‌లో అరసవల్లి కిరణాలు ఎందుకు పడవు? తొమ్మిదో తరగతికి ఒక పాఠం

మా శ్రీకాకుళం పిల్లలకి అరసవల్లి సూర్యదేవాలయం కొత్త కాదు. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని చిన్నప్పటి నుంచీ వింటుంటారు. "మరి జూన్‌లో ఎందుకు పడవు?" అని బోర్డు మీద రాసి ఊరుకోండి. ముందు వాళ్ల ఊహలు నోటుబుక్కులో రాయించండి. తప్పున్నా కొట్టేయకండి.

తర్వాత జట్టుకో ఫోన్. లేదంటే ల్యాబ్‌లో ఒక్క కంప్యూటరైనా చాలు. ఏ తేదీకైనా ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం యాప్ ఉచితమే. అందులో ఊరు శ్రీకాకుళం పెట్టి, ఒక్కో జట్టుకి కొన్ని తేదీలిచ్చి, సూర్యుడు ఉదయించే దిక్కు డిగ్రీల్లో రాయమనండి. తేదీలు మార్చేది పిల్లలే, మీరు కాదు (ఇక్కడే మన చెయ్యి ఊరుకోదు). గ్రాఫ్ గీస్తే ఆ మార్చి, అక్టోబరు ఉదయాలు తూర్పుకి కాస్త దక్షిణంగా, దాదాపు ఒకేచోట పడతాయి. జూన్‌లో సూర్యుడు బాగా ఉత్తరానికి జరిగిపోతాడు. విషువత్తుల (పగలు, రాత్రి దాదాపు సమానంగా ఉండే రోజుల) మాట అప్పుడెత్తండి.

తెరను నమ్మి ఆగొద్దు. ఆవరణలో నిటారుగా కర్ర పాతి, వారానికోసారి ఉదయం ఒకే టైముకి నీడ గుర్తు పెట్టించి, నీడకి ఎదురు దిక్కుని, అదే టైముకి యాప్ చూపే సూర్యుడి దిక్కుతో పోల్చమనండి. కలవకపోతే ఇంకా మంచిది. కర్ర వంకరా, వాచీ తేడానా అని వాళ్లే వాదించుకుంటారు. మార్కుల్లో సగం, చివర్లో ఒక్కొక్కరు రాసిన కొత్త ప్రశ్నకి ఉంచండి.