లీడర్‌షిప్ ప్రోగ్రాంకి బయలుదేరే ముందు జాగ్రత్తలు

- ‘మీరు ఎంపికయ్యారు’ అని లెటర్ రాగానే డబ్బు కట్టేయకండి. ఇలాంటివి చాలామందికి వెళ్తుంటాయి. ఫీజులో బస, భోజనం కలిసే ఉన్నాయా, రాలేకపోతే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి.
- ఒరిజినల్ ఐడీ కార్డు పెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పేరుకీ, కార్డు మీది పేరుకీ అక్షరం తేడా ఉన్నా గేటు దగ్గర ఆపేయొచ్చు.
- బ్యాగు అడుగున పడి ఉన్న చిన్న చాకు, కత్తెర తీసేయండి.
- సెక్యూరిటీ చెకింగ్ జరిగేచోట ఫొటోలు వద్దు. ఎక్కడున్నారో అప్పటికప్పుడు స్టేటస్ పెట్టడమూ వద్దు.
- ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి మాక్ సెషన్ (ఒక్కొక్కరూ ఒక్కో దేశం ప్రతినిధిగా మాట్లాడే నమూనా సమావేశం) ఉంటే కాస్త చదువుకుని వెళ్లండి: సభ్య దేశాలు 15, వీటో (తీర్మానాన్ని అడ్డుకునే అధికారం) 5 శాశ్వత సభ్య దేశాలకే, తీర్మానం నెగ్గాలంటే కనీసం 9 ఓట్లు. మీకిచ్చిన దేశం వైఖరి మీకు నచ్చకపోయినా దాని తరఫునే వాదించాలి (అసలు మజా అక్కడే).
- కొత్త బూట్లు వద్దు, నడక ఎక్కువ.