సాగర్‌లో లాంచీ, కయాక్: గాలి లేచేలోపు వెళ్ళి వచ్చే పద్ధతి

నాగార్జున సాగర్‌కో, శ్రీశైలం రిజర్వాయర్ ఒడ్డున ఉన్న సోమశిలకో వెళ్ళి ఒక పూట నీళ్ళ మీద గడుపుదామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "అక్కడ లోతెంత?" అని. లోతుతో మనకేం పని? లైఫ్ జాకెట్ సరిగ్గా వేసుకుంటే ఇరవై అడుగులైనా రెండొందల అడుగులైనా తేలేది పైనే. అడగాల్సింది గాలి గురించి. ఏట్లో అయితే గట్లు, చెట్లు, వంపులు గాలికి ఎంతో కొంత అడ్డం వస్తాయి. రిజర్వాయర్‌లో ఎదుటి ఒడ్డు దాకా అంతా బయలే, గాలి ఎంత దూరం అడ్డులేకుండా వస్తే అల అంత లేస్తుంది. పొద్దున ఏడింటికి కదలకుండా ఉన్న నీళ్ళే మధ్యాహ్నం రెండింటికి తెల్లటి నురగలు కక్కుతూ కనిపిస్తాయి. కాబట్టి ఏ పడవ అయినా సరే, తెల్లారగానే దిగి, ఎండ ముదిరేలోపు ఒడ్డుకు వచ్చేసేలా ప్లాన్ వేసుకోండి.

నెలల లెక్క కూడా ఇలాంటిదే. అక్టోబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా ఉన్నంత హాయి ఇంకెప్పుడూ ఉండదు, నీళ్ళూ ఉంటాయి, గాలీ నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలి భయం. ఉక్కపోతగా ఉండి, ఒక పక్క మబ్బు నల్లగా లేచి, గాలి ఉన్నట్టుండి స్తంభించిందంటే, ఆ తర్వాత వచ్చే చల్లగాలి కోసం నీళ్ళ మీద ఎదురుచూడకండి. ఇక ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లు ఎత్తారన్న వార్త వినగానే అందరికీ పడవ షికారు గుర్తొస్తుంది కానీ, శ్రీశైలంలో 12 గేట్లు, సాగర్‌లో 26 గేట్లు ఎత్తేంత వరద ఉన్నప్పుడు ఆ అందం గట్టు మీద నుంచి చూడాల్సిందే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది వరద గోదావరిలోనే.

బయల్దేరే ముందు రోజు నీటిమట్టం చూసుకోండి, పేపర్లో వస్తుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885. ఈ అంకెకు దగ్గరగా ఉంటే రేవు నుంచి నేరుగా పడవలోకి అడుగు పెట్టేయొచ్చు. మట్టం బాగా తగ్గితే ఒడ్డు వెనక్కి జరిగిపోయి మధ్యలో బురద మిగులుతుంది. పైకి ఎండి పగుళ్ళు వేసినట్టుంటుంది గానీ కాలు పెడితే మోకాలు దాకా దిగుతుంది, చెప్పు లోపలే ఉండిపోతుంది. పాత చెట్ల మొద్దులు, బండలు కూడా అప్పుడే పైకి తేలతాయి. కొండల అంచున చెట్లు మొదలయ్యే చోటుకి కింద ఖాళీ రాయి ఒక పట్టీలా కనిపిస్తుంది చూడండి, ఆ పట్టీ ఎంత వెడల్పుంటే నీళ్ళు అంత దిగాయన్నమాట. దీనివల్ల లాభం కూడా ఉంది లెండి: శ్రీశైలం నీళ్ళు తగ్గితేనే సోమశిలకు ఎదురుగా సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఆ గుడి కోసమే వెళ్ళేవాళ్ళకు ఎండాకాలం తప్పదు, అలాంటప్పుడు మరీ పొద్దున్నే పడవ ఎక్కండి.

లాంచీ సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో మనం చేయాల్సింది తక్కువ. సాగర్‌లో ఆంధ్ర వైపు విజయపురి సౌత్ నుంచి, తెలంగాణ వైపు హిల్ కాలనీ నుంచి టూరిజం లాంచీలు నడుస్తాయి. నాగార్జునకొండ దీవికి దాదాపు 11 కిలోమీటర్లు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, ఆ రోజు వెళ్ళి ఉసూరుమనుకోకండి. గాలి ఎక్కువున్నా, జనం చాలకపోయినా లాంచీ తీయరు కాబట్టి ఫోన్ చేసుకుని బయల్దేరడం మంచిది. తిరుగు లాంచీ ఎన్నింటికో దిగేటప్పుడే అడగండి, లేకపోతే మ్యూజియంలో సగం చూసి పరిగెత్తాల్సి వస్తుంది. లోయ మునిగిపోకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి, ఇక్ష్వాకుల రాజధాని నుంచి దొరికినవే ఆ కొండ మీద చూసేవి. అంటే మీ లాంచీ వెళ్ళేది ఒక పట్నం మీదుగా. లోపల ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు ఎగబడితే మాత్రం సరంగు అరుస్తాడు, అరవాలి కూడా. పై డెక్ మీద జనం ఎక్కువై ఒక వైపు ఒరిగితే ఎంత పెద్ద పడవైనా ప్రమాదమే.

లైఫ్ జాకెట్ దగ్గర మొహమాటం వద్దు. చేతికిచ్చింది భుజాన వేసుకుని కూర్చుంటే అది దిండు కిందే లెక్క. ముందు జిప్పు, తర్వాత కింద నుంచి పైకి ఒక్కో బెల్టూ బిగించండి. ఇప్పుడు పక్కవాళ్ళని జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్ళలోనూ అంతే, జాకెట్ పైకి తేలి మీరు కిందికి జారతారు. బెల్టు తెగినది, లోపలి ఫోమ్ నలిగి అట్టలా అయిపోయినది ఇస్తే మార్చమని అడగండి. పిల్లలకి పెద్దవాళ్ళ జాకెట్ ఎంత బిగించినా పనికిరాదు. వాళ్ళ బరువుకు తగ్గది, కాళ్ళ మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్నది కావాలి. అది లేదంటే ఆ రోజుకి పిల్లల్ని ఎక్కించకండి, ఏడిస్తే ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి.

ఇప్పుడు కయాక్, అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నటి చిన్న పడవ. మొదటిసారే సాగర్ లాంటి చోట దిగొద్దు. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి లాంటి చిన్న రిజర్వాయర్‌లో తెడ్డు అలవాటు చేసుకుని రండి. లోపల కూర్చునే రకం కన్నా పైన కూర్చునే రకం కొత్తవాళ్ళకి నయం, తిరగబడినా కాళ్ళు ఇరుక్కోవు, నీళ్ళు నిండవు. ఎక్కేటప్పుడు నిలబడి అడుగు పెట్టకండి. పిక్కల లోతు నీళ్ళలో కయాక్ పక్కన నిలబడి, ముందు సీట్లో పిరుదులు ఆనించి, ఆ తర్వాత కాళ్ళు లోపలికి తీసుకోండి.

తెడ్డు ఎక్కడ పట్టుకోవాలో తెలియాలంటే దాన్ని నెత్తి మీద అడ్డంగా పెట్టుకోండి, మోచేతులు లంబకోణంలో వంగే చోటే పట్టు. తెడ్డు చివర వెడల్పుగా ఉండే రెక్కలో గుంతగా ఉండే వైపు మీకేసి ఉండాలి. ఒక అంచు పొట్టిగా ఉంటే అది కిందికి. చాలామంది దీన్ని తలకిందులుగా పట్టుకుని, పడవ కదలడం లేదని చేతులు నొప్పి పెట్టుకుంటారు. రెక్క పాదాల దగ్గర నీళ్ళలో పూర్తిగా ముంచండి, నడుము దాటకముందే బయటికి తీసేయండి. అంతకన్నా వెనక్కి లాగితే పడవ ముందుకి పోదు, పక్కకి తిరుగుతుంది. లాగాల్సింది చేత్తో కాదు, నడుము తిప్పి. కుడివైపు వేసేటప్పుడు కుడి పాదంతో ముందుకి తన్నినట్టు ఒత్తితే నడుము దానంతటదే తిరుగుతుంది. రేపు పొద్దున భుజాలు నొప్పెడితే పద్ధతి తప్పిందని, పక్కటెముకల కింద కండరాలు పట్టేస్తే బాగానే వేశారని అర్థం. మలుపుకి ముక్కు దగ్గర్నుంచి తోక దాకా పెద్ద అర్ధచంద్రం గీసినట్టు తెడ్డు తిప్పండి, కుడివైపు తిప్పితే పడవ ఎడమకి పోతుంది. ఆపాలంటే రెండు పక్కలా మార్చి మార్చి వెనక్కి చిన్న చిన్న దెబ్బలు.

దారి వేసుకునేటప్పుడు ఒకటే సూత్రం: వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలి వాలున. ఒంట్లో ఓపికున్నప్పుడే కష్టం పూర్తవుతుంది. తిరగేసి వెళ్ళినవాళ్ళు అలలు తగలని హుషారులో దూరం పోయి, తిరుగు ప్రయాణంలో తెడ్డు వేస్తున్నా అక్కడే ఉంటారు. నీళ్ళ నడిమికి అడ్డంగా కోయకుండా ఒడ్డు పట్టుకుని వెళ్ళండి, ఒంటరిగా అసలే వద్దు. అల పెద్దదైతే ముక్కు దానికి ఎదురుగానో కాస్త ఏటవాలుగానో పెట్టండి, పక్క చూపిస్తే తిప్పేస్తుంది. లాంచీ దాటాక వచ్చే అలలకీ ఇదే మందు.

తిరగబడితే పడవని వదలకండి. ఒడ్డు దగ్గరే అనిపిస్తుంది, ఈదేద్దామనిపిస్తుంది, నీళ్ళ మట్టానికి కళ్ళు ఉన్నప్పుడు దూరాలన్నీ అబద్ధాలే. ముందు పడవని తిప్పి మామూలుగా నిలబెట్టండి, పక్కకి వచ్చి రెండు అంచులూ పట్టుకోండి, కాళ్ళు వెనక్కి చాపి గట్టిగా కొట్టుకుంటూ ఛాతీని పడవ మీదికి లాక్కోండి, బొడ్డు సీటు మీదికి వచ్చాక వెల్లకిలా తిరిగి కూర్చోండి. దీన్ని లోతు తక్కువ చోట కావాలని పడి నేర్చుకోవాలి. జాకెట్‌కి ఒక ఈల కట్టుకోండి, మూడు సార్లు ఊదితే సాయం కావాలని.

సాగర్, శ్రీశైలం నీళ్ళ చుట్టూ ఉన్నది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా ఎక్కడ పడితే అక్కడ ఒడ్డుకి దిగి వంటలు పెట్టకూడదు. మొసళ్ళు కూడా ఉన్నాయి, పొద్దున పూట ఎండకోసం బురద ఒడ్డున పడుకుంటాయి, కాబట్టి రెల్లు పెరిగిన బురద వైపు పోకండి. డ్యామ్, పవర్ హౌస్ దగ్గరికి అసలే పోకూడదు, పైకి నిశ్చలంగా ఉన్నా లోపల నీళ్ళు లాగుతుంటాయి. వరసగా తేలే ప్లాస్టిక్ సీసాలో థర్మోకోల్ ముక్కలో కనిపిస్తే వాటి కింద వల ఉంటుంది. మధ్యలోంచి పోకుండా చివరి సీసా దాకా వెళ్ళి చుట్టి రండి, తెడ్డుకు చిక్కిందంటే నిదానంగా విడదీయండి గానీ చాకు తీయకండి, అది జాలరి రోజు కూలి. పుట్టిలో అతనే ఎదురైతే పలకరించి, మధ్యాహ్నం గాలి ఎటు నుంచి వస్తుందో అడగండి, ఫోన్‌లో యాప్ కన్నా ఖచ్చితంగా చెబుతాడు. ఫోన్ ఎలాగూ నీళ్ళు చొరని సంచిలో, ఆ సంచి పడవకి కట్టేసి ఉండాలి. తాగే నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా, మెడ వెనక రాసుకోవడానికి సన్‌స్క్రీన్. బిర్యానీ ప్యాకెట్లు ఒడ్డునే ఉంచి రండి, తిరిగొచ్చాక తినొచ్చు.