పాలు తాగే పసిబిడ్డ మోషన్ వెళ్ళట్లేదా? ముందు ఎన్ని రోజుల బిడ్డో చూడండి

మా పెద్దాడికి రెండున్నర నెలలప్పుడు ఆరు రోజుల పాటు మోషన్ లేదు. మొదటి రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు, మూడో రోజు అమ్మ అడిగింది, నాలుగో రోజు పక్కింటివాళ్ళు అడిగారు, ఐదో రోజుకల్లా అమ్మమ్మ తమలపాకు కాడ ఆముదంలో ముంచి పట్టుకుని కూర్చుంది. ఏడో రోజు పొద్దున్నే వాడంతట వాడే వెళ్ళాడు, ఎంత వెళ్ళాడంటే డైపర్ దాటి, గౌను దాటి, ఎత్తుకున్న మా నాన్న పంచె దాకా వచ్చింది. పసుపు ముద్దలా మెత్తగానే ఉంది. ఆ ఆరు రోజులూ వాడు మాత్రం హాయిగా తాగి, నవ్వి, నిద్రపోయాడు. టెన్షనంతా మాదే.

మూడేళ్ళకి పాప పుట్టింది. ఆరో రోజున మొత్తం మీద ఒకే ఒక్కసారి వెళ్ళింది, అదీ నల్లపచ్చగా ఓ చెంచాడు. "అన్నకీ ఇంతేగా, తల్లిపాల పిల్లలు అంతే" అని ధైర్యం చెప్పింది ఎవరో కాదు, నేనే. ఏడో రోజు ఆశ వర్కర్ ఇంటికొచ్చి ఉయ్యాల కాటాలో తూస్తే 2.58 కిలోలు. పుట్టినప్పుడు 2.9. పిల్లకి పాలు అందట్లేదు. పడుకుంటోంది, ఏడవట్లేదు, అందుకని బాగుందనుకున్నాం.

చూడ్డానికి ఇద్దరిదీ ఒకటే సమస్య, కారణాలకి మాత్రం పొంతనే లేదు. డాక్టర్‌కి ఫోన్ చేసినా మొదట అడిగేది "ఎన్ని రోజుల బిడ్డ?" అనే. అందుకే కింద రాసిందంతా వయసును బట్టి రాశాను, మీ బిడ్డ వయసు ఎక్కడ పడుతుందో అక్కడ చదువుకోండి.

పుట్టి 24 గంటలైంది, నల్లటి మలం ఇంకా రాలేదు

మొదటి మలం తారులాగా నల్లగా, జిగటగా ఉంటుంది, తుడిస్తే ఒక పట్టాన పోదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో చాలామంది మొదటి 24 గంటల్లోనే వెళ్తారు. వెళ్ళకపోతే ఆస్పత్రిలో ఉండగానే నర్సుకి చెప్పండి. 48 గంటలు దాటినా రాకపోతే మాత్రం ఎవరేం చెప్పినా డిశ్చార్జ్ అవ్వకండి. కారణాల్లో చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి: పేగులో అడ్డు, మలద్వారం సరిగా ఏర్పడకపోవడం, థైరాయిడ్ తక్కువగా ఉండడం, హిర్ష్‌స్ప్రంగ్ అనే జబ్బు. ఈ చివరిది సుమారు ఐదు వేల మందిలో ఒకరికి వస్తుంది, పెద్దపేగు చివరి భాగంలో ఉండాల్సిన నరాల కణాలు లేకపోవడంతో ఆ భాగం వదులవ్వదు, మలం ముందుకు కదలదు. దీనికి ఆపరేషన్ ఉంది, నయమవుతుంది. ఇంట్లో చేసే చిట్కా మాత్రం ఏదీ లేదు.

4వ రోజు దాటింది, ఆరు వారాలు నిండలేదు, మోషన్లు తక్కువ

మా పాప సంగతి ఇదే. మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది కూడా ఇక్కడే.

ముర్రుపాలే విరేచనకారిలా పనిచేసి ఆ నల్లటి మలాన్ని బయటికి తోసేస్తాయి. మూడో రోజుకి రంగు ముదురాకుపచ్చకి మారుతుంది, పాలు పడ్డాక నాలుగైదు రోజులకల్లా ఆవపిండి కలిపినట్టు పసుపు రంగులో, పలచగా, మధ్యలో చిన్న చిన్న పలుకులతో వస్తుంది. ఆ దశకి వచ్చాక మొదటి నెలలో రోజుకి మూడు నాలుగు సార్లు వెళ్ళడం మామూలు, పాలిచ్చిన ప్రతిసారీ వెళ్ళే పిల్లలూ ఉన్నారు. ఐదో రోజుకీ రంగు నల్లగానో ముదురాకుపచ్చగానో ఉండిపోయినా, రోజంతా ఒకటీ అరా వెళ్ళినా, ముందు అనుమానించాల్సింది మలబద్ధకాన్ని కాదు, పాలని. లోపలికి పోయింది తక్కువైతే బయటికి ఏమొస్తుంది?

సరిచూసుకోవడానికి రెండు లెక్కలున్నాయి. ఒకటి ఉచ్చ. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ ఐదారు రోజులకి 24 గంటల్లో కనీసం ఆరుసార్లు బాగా తడవాలి. ఇప్పటి డైపర్లు తడిని పీల్చేసుకుని ఏమీ ఎరగనట్టు ఉంటాయి కాబట్టి ఒక్క రోజు పాత చీర గుడ్డలతో లంగోటీలు కట్టి లెక్కపెట్టండి, అదే తేలిక. లేదా కొత్త డైపర్ మీద మూడు పెద్ద చెంచాల నీళ్ళు పోసి చేత్తో పట్టుకుంటే, తడిసిన డైపర్ బరువు ఎలా ఉండాలో తెలుస్తుంది. ఐదో రోజు తర్వాత కూడా గుడ్డ మీద ఇటుక పొడి రంగు మరకలు పడుతుంటే అది ఉచ్చ చిక్కబడిన గుర్తు.

రెండోది బరువు. పుట్టాక మొదటి మూడు నాలుగు రోజులు ఏ బిడ్డైనా కాస్త తగ్గుతుంది, ఏడు శాతం దాకా తగ్గితే కంగారు లేదు కానీ ఓ కన్ను వేసి ఉంచాలి, పది శాతం దగ్గరికి వస్తే డాక్టర్‌కి చూపించాలి. 10 నుంచి 14 రోజుల్లో పుట్టినప్పటి బరువుకి తిరిగి రావాలి, అక్కడి నుంచి రోజుకి 20–30 గ్రాములు పెరగాలి. మా పాప తగ్గింది పదకొండు శాతం. ఆస్పత్రిలో కాన్పైతే ఆశ వర్కర్ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. రాకపోతే మీరే కబురు పెట్టండి, మొహమాటం వద్దు. ఎప్పుడూ ఒకే కాటా మీద, బట్టల్లేకుండా తూయించండి, కాటా మారితే వంద గ్రాములు అటూ ఇటూ అయి ఇంకో టెన్షన్ మొదలవుతుంది.

పాలు ఎందుకు అందట్లేదంటే, ఎక్కువసార్లు తల్లికి పాలు లేక కాదు, పట్టు సరిగా కుదరక. బిడ్డ నోరు ఆవలించినంత పెద్దగా తెరవాలి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనుకోవాలి. మొదటి చీకుడు తర్వాత నొప్పి పుడుతుంటే, బుగ్గలు లోపలికి గుంటలు పడుతుంటే, గుటక చప్పుడు వినపడకపోతే వేలితో నెమ్మదిగా విడిపించి మళ్ళీ పట్టించండి. నాకు ఇది చేతులతో పట్టుకుని చూపించింది ఓ నర్సు, అప్పటికి నేను ఓ బిడ్డకి ఏడాదిపైనే పాలిచ్చిన తల్లిని. నాకు తెలియదని నాకే తెలియదు.

ఇక మిగతావి. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి, రాత్రి కలుపుకొని. మూడు గంటలు దాటి పడుకుంటే లేపి ఇవ్వాలి, "నిద్రపోయే పిల్లని లేపకూడదు" అనే మాట బరువు తేరుకున్న పిల్లలకి, తగ్గుతున్న పిల్లలకి కాదు. పాదాలు నిమిరి, బట్టలు తీసి మీ ఒంటికి ఆనించుకుంటే మెలకువ వస్తుంది. అప్పటికీ చీకలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి, మన ఉగ్గుగిన్నెకి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. పథ్యం పేరుతో బాలింతకి మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, అది మానండి, దాహమైనంత తాగనివ్వండి. బారసాల హడావిడిలో వచ్చినవాళ్ళందరి చేతులూ మారి బిడ్డకి రెండు పూటల పాలు ఎగిరిపోవడం కూడా చూశాను.

ఇందులో కామెర్ల మెలిక ఒకటుంది. ఒంట్లోని బిలిరుబిన్, అంటే కామెర్లలో ఒంటిని పసుపుగా చేసే పదార్థం, బయటికి పోయేది ముఖ్యంగా మలంతోనే. మోషన్ తక్కువైతే అది పేగులోంచి మళ్ళీ రక్తంలోకి చేరుతుంది, కామెర్లు పెరుగుతాయి, కామెర్లు పెరిగిన బిడ్డ మత్తుగా పడుకుని ఇంకా తక్కువ తాగుతుంది. మా పాప ఏడవకపోవడానికి అదే కారణం. రెండు రోజులు లైటు కింద ఉంచారు, రెండు గంటలకోసారి లేపి పాలు పట్టాను, పదహారో రోజుకి 2.9 దాటింది. తొమ్మిదో రోజున తొలిసారి పసుపు రంగులో వెళ్ళినప్పుడు నేను మా ఆయనకి వీడియో కాల్ చేసి చూపించాను, ఆయన ఆఫీసులో ఉన్నారు, పాపం.

ఆరు వారాలు దాటింది, నాలుగైదు రోజులుగా మోషన్ లేదు

కేవలం తల్లిపాల మీద ఉండి, చక్కగా తాగుతూ, ఆరుసార్లు తడుపుతూ, బరువు పెరుగుతూ, పొట్ట మెత్తగా ఉంటే ఏమీ చెయ్యక్కర్లేదు. వారం, పది రోజులు వెళ్ళకపోయినా తర్వాత వచ్చేది మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. తల్లిపాలలో పిప్పి దాదాపు ఉండదు, బిడ్డ ఒళ్ళు ఉన్నదంతా వాడేసుకుంటుంది, పోగవడానికే రోజులు పడుతుంది. ఈలోపు వదిలే గాలి మాత్రం గది ఖాళీ చేయిస్తుంది. పది రోజులు దాటినా, బరువు ఆగినా, మొదటి మలం కూడా ఆలస్యంగానే వచ్చిన బిడ్డయినా డాక్టర్‌కి చూపించండి.

మీరు తింటున్న ఐరన్ మాత్రల వల్ల బిడ్డకి గట్టిపడిందని ఎవరైనా అంటే నమ్మి మానెయ్యకండి, పాలలోకి వెళ్ళే ఐరన్ చాలా తక్కువ. మీకు గట్టిపడితే పడొచ్చు, అది వేరే కథ.

ముక్కి, ఎర్రబడి, పది నిమిషాలు ఏడ్చి, చివరికి మెత్తగానే వెళ్తోంది

దీన్ని చూసి భయపడని తల్లి లేదు. లోపలి నుంచి తోసేటప్పుడు కింది కండరాన్ని వదులు చెయ్యాలన్న సంగతి బిడ్డకి ఇంకా పట్టుబడలేదు, రెండూ ఒకేసారి బిగిస్తుంది. కొన్ని వారాల్లో దానంతట అదే నేర్చుకుంటుంది. మోకాళ్ళు పొట్టవైపు మెల్లగా మడిచి పట్టుకోండి, సైకిల్ తొక్కినట్టు కాళ్ళు ఆడించండి, గోరువెచ్చని నీళ్ళు పోయండి, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపుగా నిమరండి. కింద వేలు, థర్మామీటరు, సబ్బు ముక్క పెట్టి ప్రతిసారీ తెప్పిస్తే ఆ నేర్చుకోవడమే ఆలస్యమవుతుంది.

గట్టిగా, మేకపెంటికల్లా వస్తోంది

నిజమైన మలబద్ధకం ఇదే, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలో అరుదు. డబ్బాపాలు కలిపి ఇస్తున్నారా? అయితే ముందు డబ్బా మీద రాసిన కొలత చూడండి. "చిక్కగా ఉంటే బలం" అని ఇంకో అర చెంచా వేసేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కొలత సరిగ్గానే ఉన్నా, డబ్బాపాలే ఇవ్వకపోయినా గట్టిగానే వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గ్లిసరిన్ గొట్టాలు, సిరప్‌లు మందుల షాపువాడిని అడిగి తెచ్చుకునే సరుకు కాదు.

పెద్దవాళ్ళ చిట్కాల గురించి

అమ్మమ్మతో గొడవపడకుండా చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి. ఏడాది లోపు తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండగల ఒక బాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగులో పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ జబ్బు మొదటి లక్షణాల్లో మలబద్ధకమే ఒకటి. ఆముదం తాగించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మాడు మీద రాస్తే రాసుకోమనండి. వస అరగదీసి నాకించడం, పంచదార నీళ్ళు, వాము నీళ్ళు, గ్రైప్ వాటర్ ఏవీ అక్కర్లేదు, ఆరు నెలల దాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. వస పొయ్యకపోయినా మా ఇద్దరూ వసపిట్టల్లాగే వాగుతున్నారు. తమలపాకు కాడతో లోపలి పొర గీరుకుపోయి రక్తం వస్తుంది, పైగా దాంతో మోషన్ వచ్చేస్తే అసలు కారణం ఏమిటో ఎవరూ వెతకరు.

ఇవి కనిపిస్తే ఇక చిట్కాలూ లేవు, ఎదురుచూడటాలూ లేవు

పసరు వాంతి, అంటే ఆకుపచ్చగా కక్కడం: అర్ధరాత్రైనా సరే 108కి ఫోన్ చేసి పిల్లల ఆపరేషన్లు చేసే ఆస్పత్రికి వెళ్ళండి, పేగు మెలిపడి ఉండొచ్చు. పొట్ట ఉబ్బి డోలులా బిగుసుకోవడం, మలంలో రక్తం, మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ జ్వరం, పాలు పట్టకుండా మత్తుగా వాలిపోవడం, మాడు గుంటపడి నోరు ఎండిపోవడం, ఏడుపు నీరసంగా రావడం, ఇవన్నీ అదే రోజు చూపించాల్సినవి. సున్నంలా తెల్లగా మోషన్ వెళ్తున్నా, రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోయినా కూడా ఆలస్యం చెయ్యొద్దు. అలాంటి పిల్లల్లో కొందరికి పిత్తనాళాలు మూసుకుపోయి ఉంటాయి, ఆ ఆపరేషన్ రెండు నెలల లోపు జరిగితే ఫలితం బాగుంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు "సరిగ్గా వెళ్ళట్లేదండీ" అంటే ఆయనకేమీ తెలియదు. చివరిసారి ఎప్పుడు వెళ్ళింది, రోజుకి ఎన్ని లంగోటీలు తడుస్తున్నాయి, పుట్టినప్పటి బరువెంత, మొదటి నల్లటి మలం ఎన్ని గంటలకి వచ్చింది, ఈ నాలుగూ కాగితం మీద రాసుకెళ్ళండి. డైపర్‌ని ఫొటో కూడా తియ్యండి, వెలుతురులో, రంగు తెలిసేలా. నా పాత ఫోన్లో పాప నవ్వుతున్న ఫొటోలకంటే అవే ఎక్కువున్నాయి.