ఎర్ర దీపం దగ్గర దీర్ఘశాంతం
అమీర్‌పేటలో సిగ్నల్ పడగానే వెనుక బండ్లవాళ్లు హారన్ మోత మొదలుపెడతారు, మన చేతికీ దురద పుడుతుంది. అప్పుడు బొటనవేలిని హారన్ మీద నుంచి తీసేసి, స్తంభం మీద తగ్గుతున్న అంకెలు చూస్తూ బైబిల్లో గలతీయులకు రాసిన పత్రిక 5:22లోని ఆత్మఫలాన్ని, అంటే దేవుని ఆత్మ మనలో పండించే గుణాలను, లోలోపల వరుసగా చెప్పుకోండి. ప్రేమ, సంతోషం, సమాధానం, నాలుగోది దీర్ఘశాంతం, అంటే ఓర్పు. అక్కడ ఆగి, ఇందాక మిమ్మల్ని రాసుకుంటూ దూరిపోయిన ఆటో అతని కోసం ఒక్క మాట ప్రార్థించండి. నా మొదటి ప్రార్థనలు పళ్లు కొరుకుతూనే సాగాయి, దాచడమెందుకు. కోపం చల్లారాక చేద్దామనుకుంటే మాత్రం ఈలోగా పచ్చ దీపం వచ్చేస్తుంది. ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా బయల్దేరితే ఇది మరీ అవసరం. సంచిలో బైబిలు, నోట్లో తిట్లు పెట్టుకొని నేను వెళ్లింది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.