ఈవీఎంలో టోటల్ 50 ఎక్కువ చూపిస్తోందా? ఉదయం క్లియర్ నొక్కారో లేదో గుర్తు తెచ్చుకోండి

మిషన్లు కలపడం, సీళ్ళు వేయడం ట్రైనింగ్‌లో చెప్పేశారు. పోలింగ్ రోజు ఆగిపోయే చోట్లే రాస్తున్నాను.

వీవీప్యాట్ (ఓటు స్లిప్పు చూపించే పెట్టె) మొదట్లోనే ఎర్రర్: వెనక నాబ్ చూడండి. ప్రయాణంలో అడ్డంగా ఉంటుంది, ఆన్ చేసేముందే నిలువుగా తిప్పాలి. అది చూడకుండా సెక్టార్ ఆఫీసర్‌కి (కొన్ని బూత్‌లు చూసుకునే అధికారి) ఫోన్ చేసి అరగంట పోగొట్టుకున్న వాళ్ళు చాలామంది. నాబ్ సరిగ్గానే ఉంటే, కిటికీ వెలుతురో ట్యూబ్‌లైటో నేరుగా పడుతోందేమో చూసి పక్కకి జరపండి.

లింక్ ఎర్రర్: కంట్రోల్ యూనిట్ (మన దగ్గర ఉండే, ఓట్లు నమోదయ్యే మిషన్) ఆపి, కేబుల్ తీసి మళ్ళీ పెట్టండి. ఆన్‌లో ఉండగా లాగొద్దు. అభ్యర్థులు 15 మంది దాటితే నోటాతో కలిపి ఒక బ్యాలెట్ యూనిట్ (ఓటరు బటన్ నొక్కే మిషన్) చాలదు, రెండోది వస్తుంది. అప్పుడు ఆ రెండిటి మధ్య కేబుల్ ముందు చూడండి.

టోటల్‌కీ 17ఏ రిజిస్టర్‌కీ (ఓటర్లు సంతకం చేసే పుస్తకం) పొంతన లేదు: నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఉదయగిరి వైపు ఒక ఊరి బడిలో డ్యూటీ. తొమ్మిదింటికి టోటల్ నొక్కితే 112. రిజిస్టర్‌లో సంతకాలు 62. ఏజెంటుగా కూర్చున్న పెద్దాయన, "సార్, లోపలికొచ్చింది అరవై మందే గదా" అన్నాడు. చేతులు చల్లబడ్డాయి. తేడా సరిగ్గా 50, అంటే మాక్ పోల్ ఓట్లు, పోలింగ్‌కి ముందు పరీక్షగా వేసినవి.

ఎలా జరుగుతుందంటే, ఏడుకి పోలింగ్ అంటే ఐదున్నరకి మాక్ పోల్. ఏజెంట్లు ఆలస్యంగా వస్తారు. కనీసం 50 ఓట్లు వేస్తాం. ఒక్కొక్క అభ్యర్థి స్లిప్పులు లెక్కపెట్టి, టోటల్‌తో సరిచూసేసరికి ఏడవుతుంది, బయట లైన్లో కేకలు. లెక్క సరిపోయింది గదా అని సర్టిఫికెట్ మీద సంతకాలు తీసుకుంటాం. ఆ ఓట్లు చెరిపే క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు నొక్కకుండా మిగిలిపోతాయి.

మొదటి ఓటరు రాకముందు తెలిస్తే క్లోజ్, రిజల్ట్, క్లియర్ వరసగా నొక్కి, టోటల్ సున్నా అని ఏజెంట్లకి చూపించండి. వీవీప్యాట్ పెట్టెలో మాక్ స్లిప్పులు ఒక్కటీ ఉండకూడదు. పోలింగ్ మొదలయ్యాక తెలిస్తే క్లోజ్ జోలికి వెళ్ళొద్దు. క్లోజ్ నొక్కితే ఆ మిషన్లో పోలింగ్ ఆగిపోతుంది, ఆపైన క్లియర్ నొక్కితే జనం వేసిన ఓట్లే పోతాయి. వెంటనే సెక్టార్ ఆఫీసర్‌కి చెప్పి, డైరీలో రాసి, అభ్యర్థివారీ మాక్ పోల్ కాగితం భద్రంగా ఉంచండి.

దాచిపెట్టాలని మాత్రం చూడొద్దు. అలాంటి బూత్ మిషన్‌ని కౌంటింగ్‌లో పక్కన పెడతారు. 2025కి ముందు, గెలుపు తేడా అలాంటి బూత్‌ల మొత్తం ఓట్లకి సమానమో తక్కువో అయితేనే వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించేవారు. లేదంటే ఎండలో నిలబడి వేసిన ఆ ఊరి ఓట్లు లెక్కలోకే వచ్చేవి కావు.

మధ్యాహ్నం మొత్తం సెట్ మారిస్తే నోటాతో సహా ఒక్కో అభ్యర్థికి ఒక్కో మాక్ ఓటు వేయాలి. దానికీ క్లియర్ తప్పదు, రెండోసారి చాలామంది మరిచిపోయేది అక్కడే. బ్యాటరీ అయిపోవడం లాంటివి అరుదు, సెక్టార్ ఆఫీసర్ చూసుకుంటారు.