యంత్రపు పిల్ల నవల రాద్దాం – 5: గుండె లేని పిల్లకు గుండె దడ

ఈ పాఠంలో విలన్ గురించి చెప్పాలి. కానీ పోయినసారి ఇచ్చిన పని మీరు చేసిన తీరు చూశాక విలన్‌ను వచ్చే పాఠానికి నెట్టేశాను.

పని గుర్తుంది కదా. మల్లిక పదహారేళ్ల ఆండ్రాయిడ్, అంటే అచ్చం మనిషిలా కనబడే యంత్రం. ఓర్వకల్లులో జేజి ఇంట్లో ఉంటూ రోజూ కర్నూలు వెళ్లి ఇంటర్ చదువుతోంది. విదేశం నుంచి వచ్చిన మనవరాలే అనుకుంటోంది జేజి. పల్లెవెలుగు బస్సులో కండక్టర్ ఆమె దగ్గరికి వస్తాడు. ఆ ఘట్టం మల్లిక నోటితో ఒక పేజీ రాయమన్నాను.

చాలామంది రాసింది ఇది: "కండక్టర్‌ని చూడగానే నా గుండె గుభేలుమంది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి." ఏ గుండె? ఎవరి చెమట? కొందరు తెలివిగా తప్పించుకున్నారు: "నా ప్రాసెసర్ గుభేలుమంది", "నా సర్క్యూట్లు జలదరించాయి". ఇది ఇంకా ఘోరం. మొదటివాళ్లు పిల్ల యంత్రమన్న సంగతి మరిచిపోయారు, అంతే. రెండోవాళ్లు గుండె పీకి అదే చోట చిప్పు పెట్టి పని అయిపోయిందనుకున్నారు. "నా బ్యాటరీ తరుక్కుపోయింది" అని రాసినవారు కూడా ఉన్నారు. దయచేసి వద్దు.

మనకు భయమైనా కోపమైనా ముందు ఒంట్లోనే తెలుస్తుంది. ఒళ్ళు మండుతుంది, గొంతు పూడుకుపోతుంది, కాళ్లు వణుకుతాయి. ఒళ్ళే వేరైన పిల్ల దగ్గర ఇవేవీ పనిచేయవు. ఆమెకు మిగిలేది ఏం చూసింది, ఏం లెక్కేసింది, ఏం చేసింది అన్నదే. ఇలా రాసి చూడండి:

"కండక్టర్ మూడు సీట్ల ముందున్నాడు. నా ముందు కూర్చున్న అక్క ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. పక్కనున్న అవ్వ కూడా కొంగుముడిలోంచి కార్డు తీసింది. నేను యాభై రూపాయల నోటు చాపాను. 'డబ్బులెందుకమ్మా? కార్డు చూపీ, చాలు.' 'లేదన్నా, టికెట్ కొంటాను.' ఆరుగురు వెనక్కి తిరిగారు. ఎవరు ఎక్కడ ఎక్కారో నాకు తెలుసు. ఎవరు ఎక్కడ దిగుతారో తెలియదు."

భయం అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో గుర్తింపు కార్డు చూపిన ఆడవాళ్లకు పల్లెవెలుగులో టికెట్ ఉచితం కాబట్టి, డబ్బిచ్చి టికెట్ కొనే ఆడపిల్లనే బస్సంతా చూస్తుంది. ఆధార్ తీయించుకుందామా అంటే వేలిముద్రలు, కంటిపాపలు ఇవ్వాలి. దానిమీదే ఒక అధ్యాయం నడపొచ్చు. ల్యాబు, తుపాకులు, హెలికాప్టర్లు పెట్టి మీరు తేలేని టెన్షన్ ఆ నోటు తెస్తుంది.

ఇక బ్యాటరీ. నేనైతే పాత్ర స్వభావం గురించి ఒక్క ముక్క రాయకముందే చార్జింగ్ లెక్క వేసుకుంటాను. మంచి లిథియం సెల్ కిలోకి దాదాపు 250 వాట్ అవర్ల (అంటే 250 వాట్ల పనిని గంటసేపు నడిపేంత) కరెంటు పట్టుకుంటుంది. మల్లిక ఒంట్లో నాలుగు కిలోలు పెడితే 1000. నడకకు 400 వాట్లు అవుతాయనుకుంటే రెండున్నర గంటల్లో ఖాళీ. కదలకుండా కూర్చుంటే ఎక్కువసేపు వస్తుంది. అందుకే ఆమె క్లాసులో ప్లగ్ పాయింట్ ఉన్న చివరి బెంచీ వదలదు, ఆటలకు రాదు, పొగరుబోతని పేరు తెచ్చుకుంటుంది. చూశారా, స్వభావం దానంతటదే వచ్చేసింది.

దీనికి ఎండ తోడు. ఈ సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో బైక్ ట్యాంక్ కవర్లో పెట్టిన ఫోన్ చార్జింగ్ ఆపేయడం మీరు చూసే ఉంటారు. బయట 42 ఉంటే, మోటార్ల వేడి కలిసి మల్లిక లోపల 45 ఎప్పుడో దాటుతుంది. చెమట పట్టదు కాబట్టి ఒళ్ళు చల్లబడే దారీ లేదు. అంటే ప్లగ్ దొరికినా మధ్యాహ్నం చార్జింగ్ ఎక్కదు. వేసవి కోచింగ్ క్లాసుల్లో కథ పెట్టమని అందుకే అన్నాను.

తిండి గురించి అడిగినవారికి: జేజి పెట్టిన ఉగ్గాని, బజ్జి వద్దనడం మన సీమలో రెండు పూటలకు మించి సాగదు. మింగించండి. లోపల సంచి ఒకటి పెట్టి రాత్రి ఖాళీ చేయించండి. దీనికి రెండు వాక్యాలు చాలు. ఎత్తు పెరగకపోవడం అంతకన్నా పనికొస్తుంది: నిరుడు కుట్టించిన చుడీదార్ ఈ ఏడాదీ పొట్టి కాలేదు, జేజి టైలర్ని మెచ్చుకుంటోంది.

అధ్యాయాలు ఎలా విడగొట్టాలి, యువ పాఠకులకు ఎంత పొడవు వాక్యం రాయాలి అన్నవి మీకు తెలిసినవే. వదిలేస్తున్నాను.

అభ్యాసం: ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా మల్లిక బ్యాటరీ గంటగంటకీ ఎంతుందో పట్టిక వేయండి. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోవాలి. తర్వాత ఆ రోజును ఆరు పేజీల్లో రాయండి. పట్టికలోని అంకెలు కథలో రెండుసార్లకు మించి కనబడకూడదు. "అనిపించింది" అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు. బస్సు ఘట్టం మళ్లీ రాయక్కర్లేదు, దానితో నాకు విసుగొచ్చింది.

వచ్చేసారి విలన్. జేజి అనుమానాన్ని అక్కడే మొదలుపెడదాం.